నూకలు మిగిలిన వాడి దుఃఖం

2014వ సంవత్సరంలో, సరిగ్గా 14 రోజుల తేడాతో, హిమాలయాల నుండి మనకు రెండు వార్తలు వచ్చాయి. మే 25న, ఇంకా పద్నాలుగేళ్ళు నిండని మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. ఇంటింటా పిల్లలకు వారి పేర్లు చెప్పి మురిసిపోయాము. జూన్ 8న సాయంకాలం హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో, థలౌట్ దగ్గర, బియాస్ నది రాళ్ళమీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాదు విద్యార్థుల మీదికి, లార్జీ జలవిద్యుత్ ఆనకట్ట నుండి వదలిన నీరు విరుచుకుపడింది. వి.ఎన్.ఆర్. విజ్ఞానజ్యోతి ఇంజనీరింగు కళాశాలకు చెందిన 24 మంది విద్యార్థులు, వారి వెంట వెళ్ళిన యాత్రా నిర్వాహకుడు ఒకరు ఆ ప్రవాహంలో కొట్టుకొనిపోయారు.

ఆ వారమంతా వెంగళరావు నగర్‌లోని మా వైద్యశాల అరుగుమీద మరొక మాట లేదు. మోకాళ్ళ నొప్పులకు వచ్చినవారు, మధుమేహానికి వచ్చినవారు, అందరూ పోయిన పిల్లలను తలచుకొని కన్నీరు పెట్టుకున్నారు. ఒడ్డున నిలబడి ఆ దృశ్యాన్ని కళ్ళారా చూచి, విమానమెక్కి తిరిగివచ్చిన పిల్లలను గూర్చి మాత్రం ఒకే వాక్యం వినబడింది: “వాళ్ళకు ఇంకా భూమ్మీద నూకలున్నాయి.” అంతటితో వారి సంగతి ముగిసినట్లే అందరూ భావించారు. నేనూ అట్లే భావించానని ఒప్పుకోవలసి ఉన్నది.

ఈ వ్యాసం ఆ ‘నూకలు మిగిలినవారి’ వ్యాధిని గూర్చినది. ఒకే ఆపదలో చిక్కుకొన్నవారిలో ఒకరు పోయి మరొకరు మిగిలినప్పుడు, ఆ మిగిలినవానికి దుఃఖంతోపాటు మరొక భావం అంటుకొంటుంది: ‘నేను బ్రతకడమే ఒక నేరం.’ యుద్ధంలో నాజీల నిర్బంధ శిబిరాల నుండి బయటపడినవారిని పరీక్షించిన విలియం నీడర్లాండ్ అనే మనోవైద్యుడు 1960ల దశకంలో ఈ స్థితిని విపులంగా వర్ణించాడు. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో వెలువరించిన వ్యాధి వర్గీకరణ గ్రంథంలో, ఘోర విపత్తు తరువాత కలిగే మానసిక వ్యాధి లక్షణాలలో దీనినీ చేర్చారు. పర్వతారోహకులలో, నావికులలో, సైనికులలో ఇది తరచుగా కనబడుతుంది. కారు ప్రమాదంలో భార్యను పోగొట్టుకొని తాను మిగిలిన భర్తకూ ఇది వస్తుంది. కరోనా కాలంలో తన నుండే తండ్రికి సోకిందని కుమిలిపోయిన కొడుకులను, కోడళ్ళను నేను పదిమందికి తక్కువ కాకుండా చూచాను. కనుక ఇది కొండలెక్కేవారి సంగతి కదా అని పాఠకులు పుట తిప్పవద్దని మనవి.

మూడేళ్ళ క్రిందట చైత్రమాసంలో ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చింది. (అతని అనుమతితోనే, ఆనవాళ్ళు మార్చి వ్రాస్తున్నాను.) వయస్సు 27. కృష్ణానగర్‌లో ఒక గది, సినిమా యూనిట్లలో కెమెరా సహాయకునిగా పని. ఆరు నెలలుగా నిద్ర సరిగా లేదు. పగలు ఏదో కొద్దిగా తింటాడు. రాత్రి కంచం ముందు కూర్చుంటే వాంతి వచ్చినట్లవుతుంది. పది కిలోల బరువు తగ్గాడు. పనికి పోవడం మానివేశాడు. తల్లి ఊరు విడిచి వచ్చి అతనితోనే ఉంటున్నది. కారణం అడిగితే ఆమెయే చెప్పింది: ముందటి ఆశ్వయుజంలో స్నేహితులు నలుగురు కలిసి ఉత్తరాఖండ్ కొండలకు ట్రెక్కింగుకు పోయారు, ముగ్గురే తిరిగివచ్చారు.

నాడి చూచాను. వాతం ప్రకోపించి ఉన్నది. నాలుక మీద దట్టంగా తెల్లని పాచి. శోకం వలన కలిగిన వాతవికారమని నిర్ణయించి, బ్రాహ్మీఘృతం ఇచ్చి, రాత్రిళ్ళు అరికాళ్ళకు నూనె మర్దన చేయమని చెప్పాను. పోతూ ఉండగా భుజం తట్టి, “నాయనా, ఎవరి ఆయుర్దాయం వారిది. అతనికి అంతవరకే వ్రాసి ఉన్నది. నీకు భగవంతుడు ఇంకా నూకలుంచాడు. మరచిపోయి పనిలో పడు” అన్నాను. అతడు నావంక ఒకసారి చూచి, మందులు పుచ్చుకొని వెళ్ళిపోయాడు. రెండు నెలలు మళ్ళీ రాలేదు.

ఆ ఒక్క పూటలో నేను రెండు పొరపాట్లు చేశాను. మొదటిది శాస్త్రవిద్యార్థి కూడా చేయకూడనిది. నాలుక మీద ఆమం కనబడుతూ ఉండగా, జఠరాగ్ని మందగించి ఉండగా, ఘృతం ఇవ్వరాదు. ముందు దీపన పాచనాలు చేసి, అగ్నిని సరిచేసి, ఆ తరువాత స్నేహద్రవ్యాలు ఇవ్వాలి. రెండవ పొరపాటు అతడు తిరిగి వచ్చినప్పుడు అతని నోటనే విన్నాను.

“అయ్యగారూ, పోయినసారి మీరు నూకలన్నారు, గుర్తున్నదా? ఆ రాత్రి వాడి గిన్నెలో కిచిడీ కూడా నేనే తిన్నాను. కడుపులో తిప్పుతోందిరా, నువ్వు తినెయ్ అన్నాడు. రెండు గిన్నెలూ తిని పడుకున్నాను. వాడి నూకలే నేను తిన్నాను.”

రాత్రి భోజనం ఎందుకు ఇమడటం లేదో అప్పుడు తెలిసింది. రోగిని ప్రశ్నించి తెలుసుకోవడం మా శాస్త్రంలో పరీక్షా విధానాలలో ఒకటి. నేను నాడిని అడిగాను, నాలుకను అడిగాను, తల్లిని అడిగాను; అతనిని అడగలేదు.

ఈ తప్పు మరెవరు చేసినా క్షమించవచ్చును గాని, నేను చేయకూడదు. కారణం చెప్పడానికి యాభై యేళ్ళు వెనుకకు పోవాలి.

నా విద్యాభ్యాసం నల్లమల కొండల పాదాన ఒక గ్రామంలో, గురువుగారి ఇంట జరిగింది. ఇద్దరమే శిష్యులం. నా సహాధ్యాయి నాకంటె రెండేళ్ళు పెద్దవాడు. నేను అతనిని ‘అన్నా’ అని పిలిచేవాడిని. 1976 శ్రావణంలో, నాకు పదిహేడేళ్ళప్పుడు, నేలగుమ్మడి గడ్డల కోసం ఇద్దరం కొండలోకి పోయాము. గడ్డలు త్రవ్వుకొని తిరిగివస్తూ ఒక వాగు దాటాము. ఇవతలి ఒడ్డుకు వచ్చిన తరువాత గునపం అవతలి గట్టున మరచివచ్చానని గుర్తుకు వచ్చింది. నేను గడ్డల బుట్ట మోస్తున్నాను. “నీవుండు, నేను తెస్తాను” అని అతడు దిగాడు. వాగులో మడమలోతు నీరు. మా నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్నది. వాన ఎక్కడో ఎగువన కురిసినది. అతడు గునపం భుజాన పెట్టుకొని తిరిగివస్తూ నడిమధ్యలో ఉండగా ఆ చప్పుడు వినిపించింది. మరునాడు మధ్యాహ్నం క్రింది మడుగులో దొరికాడు. గునపం దొరకలేదు.

గురువుగారు పది రోజులు ఆ మాటే ఎత్తలేదు. ప్రొద్దున్నే నా తలకు, కాళ్ళకు తానే నువ్వులనూనె రాచి వేన్నీళ్ళు పోసేవారు. ఆ వయస్సులో ఆయన నాకు కాళ్ళు పట్టడమేమిటని నేను ముడుచుకొనిపోయేవాడిని. జావ కాచి, తాను తాగుతూ నన్నూ తాగమనేవారు. పదకొండవ నాడు పెరట్లో కూర్చోబెట్టి, “ఆ రోజు ప్రొద్దున లేచిన దగ్గర నుండి చెప్పు” అన్నారు. నేను మొదలుపెట్టి, నాలుగు మాటలకే “నేను గునపం మరవకపోతే...” అన్నాను. చేయి అడ్డుపెట్టి ఆపారు. “గునపం దగ్గరికి ఇంకా రాలేదు. ప్రొద్దున ఏమి తిన్నారు?” అన్నారు. మళ్ళీ మొదలు. వాగు దగ్గరకు వచ్చేసరికి, “నీరెంత?” “మడమ దాకా.” “ఆకాశం?” “తెల్లగా ఉంది.” “చప్పుడేమైనా?” “లేదు.” “సరే, ఆ క్షణంలో నీకు తెలిసినది ఇంత. తరువాతిది చెప్పు.” ఆ విధంగా పక్షం రోజులు, ప్రతిదినం అదే కథ, అదే క్రమం. ‘నీ తప్పు లేదు’ అని ఆయన ఒక్కసారీ అనలేదు. విధి అనీ అనలేదు. పక్షం తిరిగిన తరువాత కమ్మరివాని దగ్గర క్రొత్త గునపం చేయించి తెచ్చి నా చేతికిచ్చి, “రేపు తిప్పతీగ కావాలి” అన్నారు.

ఆయన చేసిన చికిత్సకు శాస్త్రంలో పేరున్నది. చరకుడు చికిత్సను మూడు విధాలుగా విభజించాడు: దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం. జప హోమాదులు మొదటిది, ఆహారౌషధాలు రెండవది, మనస్సును దానికి హాని చేసే విషయాల నుండి మరలించి నిగ్రహించడం మూడవది. ఈ మూడవదానిని కొందరు ‘మరపించడం’ అని అర్థం చేసుకొంటారు. నేనూ ఆ రోగితో ‘మరచిపో’ అన్నాను కదా! కాని మనోదోషాలకు చరకుడు చెప్పిన ఔషధాల పట్టిక చూడండి: జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి. అందులో విస్మృతి లేదు, స్మృతి ఉన్నది. జ్ఞాపకమే మందు. అయితే ఏ జ్ఞాపకం?

ఇక్కడ ప్రజ్ఞాపరాధం అనే మాటను కొంత వివరించాలి. బుద్ధి, ధృతి, స్మృతి చెదరినప్పుడు మనిషి చేసే అహితకర్మను ప్రజ్ఞాపరాధం అంటారు. రోగాలన్నింటికీ ఇది ఒక మూలకారణం. మిగిలినవాడు తన విషయంలో ఇదే జరిగిందని నమ్ముతాడు: ‘నేను తెలిసి తెలిసి తప్పు చేశాను.’ నిజానికి చెదరినది ఆనాటి బుద్ధి కాదు, ఈనాటి స్మృతి. ఆపద జరిగిన తరువాత తెలిసిన సంగతిని తీసుకొనిపోయి, ఆపదకు ముందరి ఘడియలో పెట్టుకొంటాడు. ఎగువన వాన కురిసిందని నాకు మరునాడు తెలిసింది. కాని నా జ్ఞాపకంలో, అతడు వాగులో దిగుతున్నప్పుడే అది నాకు తెలిసినట్లుండేది. తెలిసీ పంపినట్లుండేది. గురువుగారు ఆ పక్షం రోజులూ చేసినది, ఏ జ్ఞానం ఏ ఘడియకు చెందినదో దానిని ఆ ఘడియలో తిరిగి పెట్టించడమే.

కృష్ణానగర్ యువకుని చేత నేను నోటుపుస్తకంలో వ్రాయించాను. పుటకు నడుమ గీత. ఎడమవైపు ఆ ఘడియలో తెలిసినది. కుడివైపు క్రిందికి దిగిన తరువాత తెలిసినది. వారానికి రెండు పూటలు వచ్చి నాకు చదివి వినిపించాలి.

సాయంత్రానికి స్నేహితునికి తలనొప్పి, పొడిదగ్గు, ఆకలి లేకపోవడం: ఇది ఎడమవైపు. ‘ఈ ఎత్తులో అందరికీ ఉండేదే’ అని వెంట ఉన్న గైడు చెప్పడం: ఎడమవైపు. తనకూ తలనొప్పి ఉండటం: ఎడమవైపు. అది ఊపిరితిత్తులలోకి నీరు చేరే ప్రమాదకరమైన పర్వతవ్యాధి అని ఆసుపత్రిలో వైద్యులు చెప్పడం కుడివైపు. ఎత్తు నుండి వెంటనే దిగిపోవడమే దానికి ముఖ్యమైన చికిత్స అని ఇంటర్నెట్‌లో చదవడం కూడా కుడివైపే. అతడు ఆరు నెలలుగా ఈ రెండింటినీ ఆ సాయంకాలపు గుడారంలో కూర్చోబెట్టి తనను తాను విచారిస్తున్నాడు.

సందర్భం వచ్చింది గనుక, కొండలకు పోయే పిల్లలున్న ఇళ్ళవారు ఇది తెలిసి ఉంచుకోవాలి. సముద్రమట్టానికి 2,500 మీటర్లు దాటిన తరువాత ఈ వ్యాధులకు అవకాశం ఉన్నది. 3,000 మీటర్లు దాటినప్పుడు, ఈ రాత్రి పడుకొన్న చోటికంటె మరునాటి పడక 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదు. మధ్య మధ్య ఒక దినం విశ్రాంతి ఉండాలి. కూర్చొని ఉన్నా ఆయాసం, గుక్కతిప్పుకోనీయని దగ్గు, రొమ్ములో గురగుర, నడకలో తూలడం, మాటలో తికమక: వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగక, రోగిని ఒంటరిగా పంపక, క్రిందికి దింపాలి, ప్రాణవాయువు ఉంటే అందించాలి. ఏ లేహ్యమూ, ఏ కషాయమూ దీనికి ప్రత్యామ్నాయం కాదు. ఆయుర్వేద వైద్యునిగా ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

మరల రోగి దగ్గరకు. నాలుగవ వారంలో అతని చేయి ఒకచోట ఆగిపోయింది. ఎంతసేపటికీ వ్రాయలేదు. అడుగగా చెప్పాడు: రాత్రి రెండు గంటలకు స్నేహితుడు లేపి, “దిగిపోదామారా?” అన్నాడట. తాను, “చీకట్లో ఎట్లా పోతాం, తెల్లవారనీ” అన్నాడట. “ఇది ఏ వైపు వ్రాయాలి, అయ్యగారూ?” అన్నాడు.

ఎడమవైపే. ఆ మాట అతడు విన్నాడు. దిగకపోవడానికి తానే కారణం చెప్పాడు. దీనిని కుడివైపుకు నెట్టివేసి ఊరడించాలని నాకు బుద్ధి పుట్టింది. కాని అట్లా చేస్తే తక్కిన పుటలన్నీ అబద్ధమైపోతాయి; అతడు నన్ను మరి నమ్మడు. “ఎడమవైపే వ్రాయి. దాని క్రిందనే, చీకటి ఎంత ఉన్నదో, దారి ఎట్లా ఉన్నదో, నీ తల ఎట్లా తిరుగుతున్నదో అదీ వ్రాయి” అన్నాను. వ్రాశాడు. చీకటిలో మంచుదారిన దిగితే నలుగురికీ ప్రమాదమని ఆనాడు తాను భయపడిన సంగతి, వ్రాస్తూ ఉండగా అతనికే గుర్తుకు వచ్చింది. హితమేదో ఎరిగి ఉండీ అహితం చేయడం ప్రజ్ఞాపరాధం. రెండు ప్రమాదాలలో ఏది పెద్దదో ఎరుగక ఒకదానిని ఎంచుకోవడం పొరపాటు. పొరపాటుకు కూడా బాధ ఉంటుంది. అది పోదు, పోనక్కరలేదు. కాని దానికి మరణశిక్ష లేదు.

అంత ఎత్తున జ్ఞాపకం ఎంత నమ్మదగనిదో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. 1996 మే 10, 11 తేదీలలో ఎవరెస్టు మీద తుఫానులో చిక్కుకొని 8 మంది మరణించారు. వారిలో ఆండీ హారిస్ అనే గైడు ఒకడు. ఆ బృందంలో ఉండి బ్రతికి వచ్చిన జాన్ క్రాకౌర్ అనే రచయిత, హారిస్ గుడారాల దాకా రావడం తాను చూచానని తోటివారికి చెప్పాడు. కొన్ని వారాల తరువాత విచారించగా, ఆనాడు తాను మాట్లాడినది హారిస్‌తో కాదని, మార్టిన్ ఆడమ్స్ అనే మరొక ఆరోహకునితో అని తేలింది. ఎదుట నిలబడి మాట్లాడిన మనిషినే మరొకనిగా పొరబడ్డాడు! 1997లో వెలువడిన తన పుస్తకంలో అతడు దీనిని దాచకుండా ఒప్పుకొని, హారిస్ కుటుంబానికి కలిగించిన బాధను గూర్చి తన పశ్చాత్తాపాన్నీ వ్రాశాడు. ప్రాణవాయువు చాలని మెదడు ఇచ్చే సాక్ష్యం మీద ఆధారపడి మనిషి జీవితాంతం తనకు శిక్ష వేసుకోవడం న్యాయం కాదని మా రోగికి ఈ సంగతి చెప్పాను. అతడు మొదటిసారి నన్ను ఎదురు ప్రశ్న వేశాడు: “అయితే వాడు దిగుదామన్నది కూడా నిజం కాకపోవచ్చా?” కాకపోవచ్చు, అయి ఉండవచ్చు. తేల్చడానికి మూడవ సాక్షి లేడు.

ఇక ఔషధాహారాలు. ఈసారి మొదట పది రోజులు శొంఠి, జీలకర్ర వేసి కాచిన నీరు, పాతబియ్యపు జావ, పెసరకట్టు, పలుచని మజ్జిగ మాత్రమే. రాత్రి భోజనం పూర్తిగా మాన్పించి, సూర్యాస్తమయానికి ముందే తినమన్నాను. కిచిడీ వాసన గల ఏ పదార్థమూ ఇంట వండవద్దని తల్లికి చెప్పాను. నాలుక శుభ్రపడిన తరువాత కల్యాణక ఘృతం ప్రొద్దున అర చెంచా. పడుకొనే ముందు గోరువెచ్చని గేదెపాలు ఒక గ్లాసు. నిద్ర పట్టించే పదార్థాలలో గేదెపాలను చరకుడు శ్రేష్ఠంగా ఎంచాడు. అందులో జాజికాయ పొడి చిటికెడు. అంతకు మించరాదు, ఎక్కువైతే మత్తు, తలతిరుగుడు కలుగుతాయి. తలకు, అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన. ఇది ఇంటివారు చేతితో చేయాలి. మందుల దుకాణంలో దొరికే ఖరీదైన తైలంకంటె తల్లి చేతి నువ్వులనూనె ఈ వ్యాధిలో ఎక్కువ పని చేస్తుందని నా అనుభవం. దుఃఖించేవానితో మాట్లాడటానికి మాటలు దొరకనివారికి కూడా నూనె రాయడం చేతనవుతుంది కదా.

ఒక హెచ్చరిక. నిద్ర పట్టడం లేదని కొందరు సర్పగంధ మాత్రలు తామే కొని వేసుకొంటారు. సర్పగంధ రక్తపు పోటును తగ్గిస్తుంది. మనస్సును ఇంకా క్రుంగదీయగలదు. దుఃఖంలో, నిరాశలో ఉన్నవానికి దానిని ఎన్నడూ ఇవ్వరాదు. అశ్వగంధ కూడా థైరాయిడు, కాలేయ వ్యాధులున్నవారు, గర్భిణులు వైద్యుని అడగనిదే తీసుకోరాదు. మానసిక వైద్యుడు ఇచ్చిన మాత్రలు వాడుతున్నవారు ‘ఆయుర్వేదం మొదలుపెట్టాము కదా’ అని వాటిని ఆపడం అన్నింటికంటె ప్రమాదం.

మానసిక వైద్యుడు అనే మాట వచ్చింది. మా పేటకు ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఎంత దగ్గరో పాఠకులలో చాలామందికి తెలుసు. హైదరాబాదులో ‘ఎర్రగడ్డకు పంపాలి’ అనడం ఒక తిట్టు. ఇరుగుపొరుగున ఈ తిట్టు విని విని, అవసరమైన రోగులు కూడా ఆ గేటు దాటరు. రోగి ‘నేనూ వాడి దగ్గరికే పోతే బాగుండును’ అన్నా, తన వస్తువులు ఇతరులకు పంచిపెట్టడం మొదలుపెట్టినా, తాగుడులో పడినా, చాలాకాలం కుమిలి కుమిలి హఠాత్తుగా ప్రశాంతంగా కనబడినా, మూలికల కోసం నా వంటి వాని దగ్గరకు రాకండి. ఒంటరిగా విడువక, ఆ పూటనే మనోవైద్యుని దగ్గరకు తీసుకొనిపొండి. రాత్రివేళ అయితే 14416 నెంబరుకు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఈ ఉచిత టెలి మానస్ సేవలో తెలుగులోనూ మాట్లాడవచ్చు. మా యువకుడు రెండవసారి వచ్చిన వారంలోనే అతనిని ఒక మనోవైద్యుని దగ్గరకు నేనే వెంట తీసుకొనిపోయాను. ఆయన మాత్రలు, నా పెసరకట్టు కలిసే పనిచేశాయి. ఏది ఎంత పనిచేసిందో తూచే త్రాసు నా దగ్గర లేదు.

ఇంటివారు అనకూడని మాటలు కూడా అపథ్యంలో భాగమే. ‘నీవు అదృష్టవంతుడివి’ అనవద్దు. అదృష్టమే అతనికి నేరంగా తోస్తున్నది. ‘అంతా మరచిపో’ అనవద్దు; మరచిపోవడం స్నేహితుని రెండవసారి చంపడమని అతడు భావిస్తాడు. ‘నీ తప్పేమీ లేదు’ అని విన్న వెంటనే అనడం కూడా మంచిది కాదు. ఏ తప్పని అతడు అనుకొంటున్నాడో వినకముందే తీర్పు చెప్పడం అది. మా పేటకు కూతవేటు దూరంలో తీసే సినిమాలలో, స్నేహితుడు చనిపోతే కథానాయకుడు ఒక పాటలో కోలుకొంటాడు. ఇంటిలో అంత వేగం ఆశించకండి. బియాస్ దుర్ఘటనలో ఉన్నత న్యాయస్థానం విచారణ జరిపి, బాధ్యులెవరో చెప్పి, మృతుల తల్లిదండ్రులకు పరిహారం చెల్లించమని ఆదేశించడానికే 2016 వరకు పట్టింది. మనస్సులో జరిగే విచారణ అంతకంటె త్వరగా ముగుస్తుందని ఏమున్నది?

ఎడమవైపు మిగిలిపోయిన ఆ ఒక్క వాక్యం సంగతి చెప్పాలి. అతడు ఏడాది గడిచినా పోయినవాని తల్లిదండ్రులను చూడలేదు. వారు ఫోను చేస్తే తీయలేదు. ఈ వ్యాధిలో రోగులు తరచుగా ఆ ఇంటివారి ముఖం తప్పించుకొని తిరుగుతారు; ఆ ఇంటివారేమో చివరి గంటలను గూర్చి చెప్పగలవాడు వీడొక్కడే అని ఎదురు చూస్తూ ఉంటారు. నేను తొందర పెట్టలేదు. నోటుపుస్తకం నిండిన తరువాత అతడే, “వెళ్ళివస్తాను” అన్నాడు. వరంగల్లు వైపు ఒక ఊరు.

తిరిగివచ్చి చెప్పాడు. ఆ తల్లి దిగుదామన్న మాటను గూర్చి వినికూడా పెద్దగా పట్టించుకోలేదట. ఆమె అడిగినది ఒకటే: “ఆ రాత్రి వాడేమన్నా తిన్నాడా, నాన్నా?” తినలేదని, వాని వంతు తానే తిన్నానని చెప్పాడు. ఆమె కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, “ప్రయాణంలో వాడెప్పుడూ తినడు. బడికి పోయే రోజుల్లోనూ డబ్బా ఎవరికో ఒకరికి పెట్టేసి వచ్చేవాడు” అన్నదట. వీనిని కూర్చోబెట్టి అన్నం పెట్టింది. సగం తినగలిగాడు.

ప్రస్తుతం పనికి పోతున్నాడు. రాత్రి భోజనం తొమ్మిది లోపల చేస్తాడు. ఆశ్వయుజం వచ్చేసరికి పది పదిహేను రోజులు నిద్ర చెడుతుంది. వస్తుందని ముందే చెప్పి ఉంచాను గనుక భయపడడు, వచ్చి నూనె పట్టుకొనిపోతాడు. శ్రావణంలో నాకూ ఒక వారం నిద్ర చెడుతుంది. ఆ నూనె నేనూ వాడతాను.